గుర్రమెక్కిన రాణి ఎవరికి గుర్తుంది?

2023 మే 31న, కృష్ణ పుట్టినరోజు నాడు, ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కె హంగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. అంతకు ఆరు నెలల ముందే, 2022 నవంబరు 15న, ఆయన చనిపోయారు కాబట్టి అభిమానుల పండుగలో కొంత దుఃఖం కూడా కలిసింది. 1971 ఆగస్టు 27న మొదటిసారి విడుదలైన సినిమా యాభై ఏళ్ళు దాటాక కూడా జనాన్ని పిలవగలిగిందంటే అందులో బలం ఉన్నట్టే. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కాని ఆ సినిమా గురించి అభిమానులు చెప్పే మాటలు విన్నకొద్దీ, రాసిన వ్యాసాలు చదివినకొద్దీ నాలో ఒక ప్రశ్న బలపడుతూ వచ్చింది. ఈ ‘అభిమాని’ అనే మనిషి ఎప్పుడు చూసినా మగవాడే ఎందుకవుతున్నాడు? ఏ సినిమా గొప్పదో, ఏది మరిచిపోదగ్గదో తేల్చే అధికారం అతని ఒక్కడి చేతికే ఎలా వచ్చింది?

కొత్త పాఠకుల కోసం కాస్త పూర్వకథ చెప్పాలి. 1960లలో ఇటలీ దర్శకులు అమెరికా పడమటి ప్రాంతపు గుర్రాల కథలను తమ పద్ధతిలో తీయడం మొదలుపెట్టారు. చాలా సినిమాలు తీసింది స్పెయిన్‌లోని అల్మేరియా ఎండు నేలల్లో. ఇటలీ వాళ్ళు తినే సేమ్యాలాంటి వంటకం పేరు తగిలించి వీటిని వెక్కిరింతగా ‘స్పఘెటీ వెస్టర్న్’ అన్నారు. వెక్కిరింతే చివరికి బిరుదైంది. వాటిలో పేరుమోసినవి సెర్జియో లియోనే తీసినవి. ఆ కథల నుంచి అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తీసుకొని, నిధి చుట్టూ అల్లి, మన నేల మీద నమ్మేటట్టు రాసింది ఆరుద్ర. రాజస్థాన్ ఇసుకలో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. టోపీ పెట్టిన కృష్ణ ఆనాటి నుంచీ ‘కౌబాయ్ కృష్ణ’. ఇక్కడిదాకా అభిమానులందరికీ కంఠస్థమే.

అంతకు ఒక ఏడాది ముందు, 1970లో, అదే కె.ఎస్.ఆర్. దాస్ ‘రౌడీరాణి’ అనే సినిమా తీశాడు. అందులో పిస్తోలు పట్టింది విజయలలిత. తనవాళ్ళను చంపిన దుర్మార్గులను ఒక్కొక్కరినే వెతికి పట్టుకొని పగ తీర్చుకునే ఆడమనిషి కథ అది. 1972లో అదే దర్శకుడు, అదే కథానాయికతో హిందీలో ‘రాణీ మేరా నామ్’గా వచ్చింది. ఈ మధ్యలోనే ‘రివాల్వర్ రాణి’, ‘లేడీ జేమ్స్ బాండ్’ కూడా వచ్చాయి. అంటే తెలుగు తెర మీద తుపాకీ పట్టి, ప్యాంటు తొడిగి, పగబట్టి తిరిగే మనిషి మగ కౌబాయ్ కంటే ముందే ఆడదాని రూపంలో వచ్చింది. మరి ‘తొలి తెలుగు కౌబాయ్ సినిమా’ అని వ్యాసాలు మొదలుపెట్టేవాళ్ళు ఈ ముక్క ఎందుకు మింగేస్తారు?

అడిగి చూశాను. అభిమానుల జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘అది కౌబాయ్ సినిమా కాదు, పగ సినిమా’ అని. మంచిదే. అయితే 1965 నాటి ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ ఏ సినిమా? అందులో కల్నల్ మార్టిమర్ బందిపోటును వెంటాడేది డబ్బు కోసం కాదు. తన చెల్లెలి మీద వాడు అత్యాచారం చేస్తుంటే, ఆమె వాడి తుపాకీతోనే తనను కాల్చుకొని చచ్చిపోయింది. అందుకు పగ. పాట పాడే ఆ చిన్న గడియారం మూత తెరిచినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది. మగవాడు చెల్లెలి కోసం పగ పడితే అది వెస్టర్న్, ఆడది తన కోసం తానే పగ పడితే అది ఇంకేదో. ఈ లెక్క ఎవరిదో మీరే ఆలోచించండి.

నాకు ఆ చెల్లెలి దగ్గరే మనసు ఆగిపోతుంది. సినిమా మొత్తం మీద ఆమెకు దక్కింది కొన్ని క్షణాల జ్ఞాపకం. ఆమె చావు ఇద్దరు మగవాళ్ళ కథకు ఇంధనం. ఒకడికి అది పీడకల, ఇంకొకడికి ప్రతిజ్ఞ. ఆమెకు మాత్రం ఏమీ లేదు. మన సినిమాల్లో హీరో చెల్లెలి పాత్ర కూడా ఇంతే కదా. పెళ్ళి పందిట్లో నవ్వుతూ కనిపించిందంటే ఇంటర్వెల్ లోపల ఆమె పని అయిపోతుందని ప్రేక్షకులకు ముందే తెలిసిపోతుంది. ‘రౌడీరాణి’ చేసిన పనల్లా ఆ చెల్లెల్ని బతికించి ఆమె చేతికే తుపాకీ ఇవ్వడం. చిన్న మార్పే, కాని ఎన్నో వందల సినిమాలు చేయలేని మార్పు.

అలాగని దాన్ని స్త్రీవాద సినిమా అనడం లేదు. ఆ కాలపు యాక్షన్ సినిమాలు ఆడదాని ధైర్యాన్ని ఎంత అమ్ముకున్నాయో ఆమె ఒంటినీ అంత అమ్ముకున్నాయి. పేర్లు చూడండి. మగవాడు మోసం చేస్తే ‘మోసగాళ్ళకు మోసగాడు’, మంచి చేస్తే ‘మంచివాళ్ళకు మంచివాడు’. రెండూ గౌరవమే. ఆడది ఎదురు తిరిగితే ఆమె రౌడీ. ఆ మాటకు తీపి పూయడానికి వెనక ‘రాణి’ తగిలించారు. ఈ ‘రౌడీ’ అనే మాట మనకు కొత్తదా? కూలి రేటు దగ్గర గొంతు పెంచిన ఆడమనిషిని ఊరు ఏమని పిలుస్తుందో మనకు తెలియదా?

ఇప్పుడు ఇటలీ వైపు వెళ్దాం. అక్కడా ఇలాంటి కథే ఉంది. 1968లో ‘ఇల్ మియో కోర్పో పెర్ ఉన్ పోకర్’ అనే చిన్న సినిమా వచ్చింది. పేకాటలో పందెంగా నా శరీరం అని అర్థం. ఇంగ్లీషులో ‘ది బెల్ స్టార్ స్టోరీ’. బెల్ స్టార్ నిజంగా బతికిన మనిషే. దొంగల ముఠాలతో తిరిగిందని పేరుపడి, 1889లో ఎవరో కాల్చగా చనిపోయింది. సినిమాలో ఆ పాత్ర వేసింది ఎల్సా మార్టినెల్లి. దర్శకుడి పేరు నేథన్ విచ్ అని తెర మీద పడుతుంది. ఆ పేరు వెనక ఉన్నది లీనా వెర్ట్‌ముల్లర్ అనే స్త్రీ. మొదట ఇంకొక మగ దర్శకుడు ప్రారంభించి వదిలేస్తే ఆమె చేతికి వచ్చిన పని అది. వందల కొద్దీ వచ్చిన స్పఘెటీ వెస్టర్న్‌లలో స్త్రీ దర్శకత్వం వహించినదిగా లెక్కకు వచ్చేది ఇదొక్కటే.

ఇటలీ దర్శకులు ఇంగ్లీషు పేర్లు పెట్టుకోవడం అప్పటి వ్యాపార అలవాటే. 1964లో లియోనే కూడా ‘బాబ్ రాబర్ట్‌సన్’ అయ్యాడు. కాబట్టి మారుపేరు ఒక్కటే అన్యాయమని నేను అనను. కాని లియోనే మగవాడిగా ఉంటూ ఇంకో మగ పేరు పెట్టుకున్నాడు. లీనా మాత్రం తుపాకుల సినిమా తీయాలంటే పేరుతోపాటు తన ఆడతనాన్నీ దాచుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆమె ‘సెవెన్ బ్యూటీస్’ సినిమాతో 1977లో ఆస్కార్ ఉత్తమ దర్శకత్వ బహుమతికి పోటీలో నిలిచిన మొదటి స్త్రీ అయింది. 2021లో తొంభై మూడేళ్ళ వయసులో చనిపోయింది.

స్పఘెటీ అభిమానులు ఈ సినిమాను పెద్దగా లెక్కచేయరు. నడక నెమ్మది అంటారు, ప్రేమ గొడవ ఎక్కువ, కాల్పులు తక్కువ అంటారు. లియోనే ముందు, కొర్బూచి ముందు నిలవదంటారు. కొందరు మాత్రం ‘ఆడది తీసిందట’ అనే వింత కోసం చూస్తారు. సినిమా గొప్ప కళాఖండమని నేనూ వాదించను. కాని ఆ ఫిర్యాదుల్లో ఒక దాన్ని పట్టుకుని చూడండి. ప్రేమ గొడవ ఎక్కువట! ఆ గొడవలో ఉన్నదేమిటి? తనకు పోటీగా ఉన్న మగవాడి కింద పనిచేయనని, దోపిడీ చేస్తే తన సొంత ముఠాతోనే చేస్తానని ఒక స్త్రీ పట్టుబట్టడం. అది వాళ్ళకు కథగా కనబడలేదు, కథకు అడ్డంగా కనబడింది.

ఇక ఆ పేకాట. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన జూదం కౌరవ సభది. అక్కడ ద్రౌపదిని ఒడ్డింది భర్త. తనను తాను ఓడిన తర్వాత నన్ను ఒడ్డే హక్కు ఆయనకెక్కడిదని ఆమె వేసిన ప్రశ్నకు సభలో పెద్దలెవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. బెల్ స్టార్ తనను తానే ఒడ్డుకుంటుంది. ఇది స్వేచ్ఛా? లేక పందెం పెట్టడానికి ఆడదాని దగ్గర ఒళ్ళు తప్ప ఇంకేమీ మిగలనివ్వని లోకానికి ఒప్పుకోలా? నేను రెండో వైపు మొగ్గుతాను. అయినా ఈ ప్రశ్న సినిమాలోంచే పుట్టింది. టోపీ ఏ కోణంలో పెట్టాడు, తుపాకీ ఎన్ని సెకండ్లలో తీశాడు అని లెక్కలు రాసే అభిమానం ఇలాంటి ప్రశ్న అడిగినట్టు నేను చూడలేదు.

మన దగ్గర ఇంకో ముచ్చట ఉంది. ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కథానాయిక విజయనిర్మల. ఆ తర్వాత ఆమె మెగాఫోన్ పట్టుకొని సొంత పేరుతోనే 44 సినిమాలకు దర్శకత్వం వహించి, 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2019 జూన్ 27న చనిపోయింది. ఇటలీలో వెస్టర్న్ తీసిన ఆడమనిషి పేరు దాచుకుంటే, తెలుగు వెస్టర్న్‌లో నటించిన ఆడమనిషి పేరు దాచుకోలేదు. ఇంత పెద్ద సంగతి ఉండగా, కౌబాయ్ కబుర్లలో ఆమె ‘హీరో భార్య’గానే వస్తుంది.

కల్వకుర్తిలో ఈ మాటలన్నీ ఎందుకు అంటారా? సినిమా మోజుకు ఓటుతో హద్దు గీసిన ఊరు మాది. 1989లో ఎన్.టి. రామారావుని ఓడించింది ఈ నియోజకవర్గమే. తెర మీది మనిషిని తెర మీదే ఉంచడం తెలిసిన జనం. కాని అభిమాన సంఘం, బ్యానరు, మొదటి ఆట, ఈల, కాగితాల వాన, ఇవన్నీ ఇక్కడా మగపిల్లల వ్యవహారమే. రాత్రి ఆటకు ఒంటరిగా వెళ్ళి వచ్చే ఆడపిల్లను నేను ఇంతవరకు ఎరగను. మా సంఘంలో అరవై దాటిన ఒక పెద్దమ్మను ఆ రోజుల సినిమాల గురించి అడిగితే ఇలా అంది: ‘మేం సిన్మకు వోతే కత ఏడ జూసినం బిడ్డా, పిల్లగాడు ఏడిస్తె బయటికొచ్చుడు, ఊకుంచి మల్ల లోపటికి వోవుడు. ఏ సిన్మ అయినా సగమే ఎర్క.’ ఒక తరం ఆడవాళ్ళ అభిప్రాయం ఎందుకు ఎక్కడా లేదో ఈ ఒక్క మాటతో నాకు బోధపడింది. సినిమా మీద అభిప్రాయం ఉండాలంటే ముందు దాన్ని చివరిదాకా కూర్చుని చూసే తీరిక ఉండాలి. తీరిక కూడా హక్కే. దాన్ని మన డిమాండ్లలో ఎప్పుడూ రాసుకోలేదు.

కౌబాయ్ అంటే పసులు గాసే పోరడే కదా. మా దిక్కు బడి మానేసి మేకలు, గొర్రెలు, పసులు గాసిన ఆడపిల్లలు ఎంతమందో లెక్కలేదు. ఎండు నేల, ముళ్ళకంప, దుమ్ము, దూరంగా గుట్ట. అల్మేరియా అంటే వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

లియోనే 1968లోనే తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’లో నిధి బంగారం కాదు, నీళ్ళు. ఎడారిలో నీళ్ళున్న జాగా రైలుకు అవసరమవుతుందని ముందే పసిగట్టి కొన్న మనిషి హత్యకు గురైతే, భూమి అతని భార్య జిల్‌ది అవుతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల కాల్వ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసినవాళ్ళకు, బిందెలు మోసినవాళ్ళకు ఆ కథ ఎవరూ వివరించనక్కరలేదు. చివర్లో ఆమె రైలు పట్టాలు వేసే కూలీలకు నీళ్ళు తీసుకెళ్తుంది. అభిమానులు కళ్ళు తుడుచుకునే ఘట్టం అది. దానికి కాస్త ముందు ఒక మంచి దొంగ ఆమెకిచ్చే సలహా ఏమిటో వాళ్ళు మాట్లాడరు. కూలీల్లో ఎవడైనా నీ వెనక తట్టినా ఏమీ జరగనట్టే ఉండు, కష్టపడి వచ్చారు పాపం అంటాడు. భూమి ఆమెది, నీళ్ళు ఆమెవి, తట్టే హక్కు మాత్రం వాళ్ళది! పని దగ్గర మేస్త్రీ చేతిని విదిలించుకున్న పాలమూరు ఆడకూలీలకు ఆ దృశ్యం చూపించి అభిప్రాయం అడిగితే, లోకంలోని వెస్టర్న్ అభిమానులకు ఎన్నడూ తట్టనిది ఏదో తప్పక వినిపిస్తుంది.

అందుకే మా సంఘంలో ఒక ప్రతిపాదన పెట్టాను. పత్తి ఏరే పనులు సద్దుమణిగాక ఒక ఆదివారం పగటిపూట, పిల్లల్ని చూసుకునే బాధ్యత ఇంటి మగవాళ్ళకు అప్పగించి, ‘రౌడీరాణి’ని ఆడవాళ్ళంతా కలిసి మొదటి నుంచి చివరిదాకా చూడాలని. ఎక్కడ నవ్వారో, ఎక్కడ విసుగుపడ్డారో, ఎక్కడ కోపం వచ్చిందో రాసుకోవాలని. మంచి కాపీ దొరకాలి, అది వేరే తలనొప్పి. ‘మోసగాళ్ళకు మోసగాడు’కు దక్కినట్టు దీనికీ కొత్త ప్రింటు కావాలని అడిగే గొంతు ఇంతవరకు నేను వినలేదు. ప్రతిపాదన విన్నాక కొందరు నవ్వారు. ఒకామె మాత్రం, గుర్రం నిజంగా ఆమెనే తోలిందా, లేక మగవాడికి చీర గట్టి ఎక్కించిండ్రా, అది ముందు కనుక్కోమంది.