అక్కర్లేని జన్యువు పోతే వైరస్ మెత్తబడుతుందా?

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్ళు. మధుమేహం ఉంది. మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు, జ్వరం వస్తున్నాయి. నిన్నటినుంచి ఆమెకీ దగ్గు మొదలైంది. పరీక్ష చేయిద్దామంటే మా మరిది, "కరోనాలో ఒక జన్యువు ఊడిపోయిందట. ఇప్పుడది కోరలు తీసిన పాము. పరీక్షలెందుకు వదినా?" అంటున్నాడు. ఒక జన్యువు వైరస్‌కి అవసరమో కాదో ఎలా తెలుస్తుంది? అది పోతే జబ్బు తేలికవుతుందా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ మరిది విన్నదాంట్లో సగం నిజముంది. చిక్కంతా మిగతా సగంతోనే.

కరోనా వైరస్ జన్యువులన్నీ సుమారు 30 వేల అక్షరాల పొడవున్న ఒకే ఆర్.ఎన్.ఏ. పోగులో ఉంటాయి. వాటిలో కొన్ని లేనిదే వైరస్‌కి మనుగడ లేదు. మన జీవకణాన్ని పట్టుకుని లోపలికి దూరడానికి పనికొచ్చే స్పైక్ జన్యువు అలాంటిది. మరికొన్ని అదనపు జన్యువులు. అవి నిజంగా కావాలా అన్నది రెండు విధాల తేలుస్తారు.

మొదటిది ప్రయోగశాలలో. ఆ జన్యువును తీసేసిన వైరస్‌ను తయారుచేసి, జీవకణాలలో పెంచి చూస్తారు. పెరిగితే, పెరగడానికి ఆ జన్యువు అక్కర్లేదన్నమాట. అయితే ఇందుకు తరచు వాడే వీరో కణాలు (కోతి మూత్రపిండం నుంచి తీసినవి) వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేయలేవు. కాపలా లేని ఇంట్లో దొంగకి కత్తితో పనేముంది? మన రక్షణశక్తిని దెబ్బతీసే జన్యువు అక్కడ పనికిరానిదిగానే కనిపిస్తుంది. అందుకే జంతువులలో కూడా పరీక్షించాలి.

రెండోది రోగులలో. ఓ.ఆర్.ఎఫ్.8 అనే జన్యువునే తీసుకోండి. 2020 మొదట్లో సింగపూర్‌లో 382 అక్షరాలు ఊడిపోయి, ఈ జన్యువు దెబ్బతిన్న వైరస్ కనిపించింది. మామూలు వైరస్ సోకిన 92 మందిలో 26 మందికి ఆక్సిజన్ పెట్టవలసివచ్చింది. ఊడిన వైరస్ మాత్రమే ఉన్న 29 మందిలో ఒక్కరికీ ఆ అవసరం రాలేదు. మీ మరిది విన్నది ఇదే అయివుండాలి.

కాని కథ అక్కడితో ముగియలేదు. 2020 చివర బ్రిటన్‌లో బయటపడిన ఆల్ఫా రకంలోనూ ఇదే జన్యువు చెడింది. 121 ముక్కల ప్రొటీను 26 ముక్కలకే ఆగిపోయింది. అయినా ఆల్ఫా అంతకుముందు రకాలకన్నా వేగంగా వ్యాపించింది. మరణాలూ ఎక్కువేనని అక్కడి పరిశీలనలు తేల్చాయి. 2023లో లోకమంతా తిరిగిన ఎక్స్.బి.బి.1 సంతతిలోనూ ఆ జన్యువు పనిచేయలేదు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? వైరస్ బతకడానికి, వ్యాపించడానికి ఓ.ఆర్.ఎఫ్.8 తప్పనిసరి కాదు. అంతవరకే. అది పోయినంతమాత్రాన జబ్బు తేలికవుతుందన్న హామీ లేదు. జబ్బు తీవ్రత ఆ వైరస్‌లోని ఇతర మార్పులమీద, రోగి వయసుమీద, మధుమేహం వంటి జబ్బులమీద, పూర్వం టీకా వేయించుకున్నారా లేదా అన్నదానిమీద ఆధారపడుతుంది.

కనుక మీ అత్తగారికి వెంటనే పరీక్ష చేయించండి. కరోనా అని తేలితే వైరస్‌ను అణిచే మందులు ఆమెకు అవసరమో కాదో డాక్టరుగారు నిర్ణయిస్తారు. అవి లక్షణాలు మొదలైన అయిదు రోజులలోపు వాడితేనే ప్రయోజనం. జ్వరంలో రక్తంలో చక్కెర పెరగవచ్చు. రోజూ చూడండి. మధుమేహం మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వేలికి పెట్టే ఆక్సీమీటరుతో పూటపూటా ఆక్సిజన్ చూడండి. 93 గాని, అంతకు తక్కువ గాని ఉన్నా, ఆయాసం, ఛాతీనొప్పి, మగత కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. జలుబు ఉన్నవారు ఆమె దగ్గరకు వెళ్ళేటప్పుడు ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకోవాలి. మీ మరిది కూడా!