సెల్లార్‌లో కమోడ్, గుంతలో కులం

ఇల్లు కట్టే ముందు సెప్టిక్ ట్యాంకు ఏ మూలన ఉండాలో వాస్తు పండితుణ్ణి అడుగుతాం. వాయవ్యం అంటే వాయవ్యంలోనే తవ్విస్తాం. అది నిండిననాడు ఎవరు తోడతారని మాత్రం ఎవరినీ అడగం. తోడే మనిషి ఎక్కడో ఉంటాడనీ, పిలిస్తే వస్తాడనీ మనకు ధీమా. ఆ ధీమాను ఇచ్చింది కులవ్యవస్థ.

ఔటర్ రింగ్ రోడ్డు దాటిన నగరం సాగర్ రహదారి వెంట రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వైపు విస్తరిస్తోంది. పొలాలు వెంచర్లుగా, వెంచర్లు అపార్టుమెంట్లుగా మారుతున్నాయి. భవన నిర్మాణ నిబంధనలకు సంబంధించిన 2012 నాటి జీవో 168 ప్రకారం సెల్లార్ వాహనాలు నిలపడానికే తప్ప నివాసానికి కాదు. అయినా నగరమంతటా, నగర శివార్లలోనూ కార్ల పక్కనే వాచ్‌మన్ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వారి కోసం, డ్రైవర్ల కోసం, ఇంటి పనివారి కోసం మెట్ల కింద ఒక మూల కమోడ్ బిగిస్తారు. పై అంతస్తుల మరుగుదొడ్లను వారు ముట్టుకోరాదన్న రాయని నియమమే ఆ మూలగదికి పునాది. ఊళ్లో వాడ దూరంగా ఉండేది. అపార్టుమెంటులో అది కిందికి దిగింది.

ఆ కమోడ్ ఎలా పనిచేస్తుందో చూడాలి. పై అంతస్తుల మురుగు వాలు వెంట తానే కాలువలోకి పోతుంది. సెల్లార్ నేల వీధి కాలువ కంటే లోతున ఉంటుంది కనుక అక్కడి మురుగు పైకి పారదు. అందుకే నేలలో ఒక గుంత తవ్వి, అందులో మోటారు దించి, మలాన్ని పైకి తోడాలి. తోడింది వెనక్కి రాకుండా గొట్టానికి వాల్వు ఉండాలి. విషవాయువు పోవడానికి డాబా దాకా గాలిగొట్టం ఉండాలి. ఖర్చు తగ్గించుకునే బిల్డరు ముందుగా వదిలేసేవి ఈ రెండే. ఇక గుడ్డపేలికో, శానిటరీ ప్యాడో అడ్డుపడితే మోటారు ఆగిపోతుంది. అప్పుడు మూత తెరిచి చెయ్యి పెట్టే మనిషి కావాలి.

భూగర్భ డ్రైనేజీ చేరని కాలనీల్లో ఈ మురుగు చివరికి చేరేది సెప్టిక్ ట్యాంకుకే. మన దక్కన్ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఇంకుడు గుంత నీటిని త్వరగా పీల్చుకోదు, ట్యాంకు త్వరగా నిండుతుంది. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గాఢత పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. దిగినవాడు క్షణాల్లో కూలిపోతాడు. అతణ్ణి లాగబోయి రెండోవాడూ పడిపోతాడు. ఇలాంటి వార్తల్లో మృతులు తరచూ ఇద్దరు, ముగ్గురు కావడానికి కారణం ఇదే.

చట్టం లేదా అంటే ఉంది. అంబేడ్కర్ వర్ధంతి నాడు, 2013 డిసెంబరు 6న అమల్లోకి వచ్చిన చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం సెప్టిక్ ట్యాంకులో ప్రమాదకరమైన శుభ్రత పనికి ఎవరినీ నియమించరాదు. తొలి నేరానికే రెండేళ్ల జైలు, 2 లక్షల జరిమానా దాకా శిక్ష ఉంది. ఈ నిషేధం అపార్టుమెంటు సంఘానికీ వర్తిస్తుంది. అయితే రక్షణ సామగ్రి ఇవ్వకుండా చేయించడాన్నే చట్టం ప్రమాదకరమైన పనిగా నిర్వచించింది. అంటే గ్లవుజులు, మాస్కు ఇచ్చి దించవచ్చన్న సందును చట్టమే వదిలిపెట్టింది. 1993 నుంచి ఇలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. చావు ఖరీదు పెరిగింది గానీ దిగడం ఆగలేదు.

ఇది పేదరికం సమస్యే తప్ప కులం సమస్య కాదని వాదించేవారున్నారు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల కార్మికులపై కేంద్ర ప్రభుత్వం సేకరించిన వివరాలు 2024లో వెల్లడయ్యాయి. 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో నమోదైన సుమారు 38 వేల మందిలో 68.9 శాతం దళితులు. దేశంలో పేదలు అన్ని కులాల్లో ఉన్నారు. గుంతలో మాత్రం అత్యధికులు దళితులే. కోలార్ బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మూడు దశాబ్దాలకు పైగా చెబుతున్నది ఇదే. పాకీ పనిని పారిశుద్ధ్య పథకాల ఫైళ్లలోంచి తీసి, కుల నిర్మూలన పోరాటంలో భాగం చేసినవాడు ఆయన.

యంత్రాలు రావడం మంచిదే. హైదరాబాద్ జలమండలి 2017లో చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికుల ద్వారా నడిపించడం గుర్తించదగిన అడుగు. కానీ యంత్రం వీధి దాకానే వస్తుంది. సెల్లార్ మూలలోని గుంతకు దాని గొట్టం అందకపోతే పిలిచేది మళ్లీ మనిషినే. అందువల్ల మనిషి దిగాలా వద్దా అన్నది ట్యాంకు నిండిన రోజున కాక, ప్లాను గీసిన రోజునే తేలిపోతుంది.

కాబట్టి ప్రశ్న ప్లాను దగ్గరే వేయాలి. వాచ్‌మన్‌కు గది, మరుగుదొడ్డి నేలమట్టానికి పైనే ఉండాలి. తప్పనిసరై సెల్లార్‌లో కమోడ్ పెడితే, మనిషి దిగకుండా గొలుసుతో పైకి లాగేలా మోటారును పట్టాల మీద అమర్చాలి. ట్యాంకు మూత ట్యాంకర్ గొట్టానికి అందే చోట ఉండాలి. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చిన్న భవనాల యజమానులకు స్వీయ ధ్రువీకరణతో అనుమతి ఇచ్చింది. ఆ పత్రంలో ‘ఈ గుంతలోకి ఏ మనిషినీ దించను’ అన్న వాక్యం చేర్చడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు. మాట తప్పితే కేసు యజమానిపైనా, బిల్డరుపైనా నడవాలి.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. సివిల్ విద్యార్థికి మురుగు గొట్టం వాలు ఎంత ఉండాలో, వ్యాసం ఎంత ఉండాలో నేర్పుతాం. ఆ గొట్టం చివర నిలబడే మనిషి గురించి నేర్పం. రేపు ప్లాన్లు గీసేది ఈ విద్యార్థులే. ప్రతి గుంత దగ్గరా ఇందులోకి ఎవరు దిగుతారని అడిగి, ఎవరూ దిగనక్కరలేని గీత గీయడం వారి చేతిలోనే ఉంది.