మందుకు లొంగని దగ్గు

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దగ్గర నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది.

"డాక్టరు గారికి నమస్కారం. మా అత్తమ్మకు అరవై ఏళ్ళు. మూడేళ్ళ నుంచి దగ్గు. నాలుగడుగులు వేస్తే దమ్ము వస్తుంది. తెమడ పరీక్ష చేసి టీబీ లేదన్నారు. ఎన్ని సీసాల దగ్గు మందు తాగించామో లెక్క లేదు. మాది రెండు గదుల రేకుల ఇల్లు. వంట లోపలే, కట్టెల పొయ్యి మీద. పత్తి ఏరడం అయ్యాక చేలో కట్టె తెచ్చి ఏడాదికి సరిపడా పేర్చుకుంటాం. నాకిప్పుడు ఆరో నెల. ఎండాకాలం రేకుల కింద రాత్రిళ్ళు నిద్ర ఉండదు. చలికాలం ఆ గదిలోనే తలుపులేసుకుని కుంపటి పెట్టుకుంటాం. గ్యాస్‌కు దరఖాస్తు పెడితే, మీ ఇంట్లో ఇదివరకే కనెక్షన్ ఉందని తిప్పి పంపారు. అత్తమ్మ పేర ఎప్పుడో దీపం పథకంలో వచ్చిందట. ఆ సిలిండరు మా ఆడబిడ్డ ఇంట్లో ఉంది. అత్తమ్మకు ఏదైనా మంచి మందు రాయండి."

అమ్మా, మీరు మందు పేరు అడిగారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తగారి దగ్గుకు కారణం చాలావరకు మీ ఉత్తరంలోనే కనబడుతోంది. ఆ కారణం ఇంట్లో ఉన్నంతకాలం నేను ఏ మందు రాసినా అది సగం వైద్యమే. మిగతా సగం మీ ఇంటి పొయ్యిలోనూ, కప్పులోనూ, వెనక్కి వచ్చిన ఆ దరఖాస్తులోనూ ఉంది. ఇలాంటి ఇళ్ళు వేలల్లో ఉన్నాయి కనుక అందరికీ పనికొచ్చేట్టు కాస్త వివరంగా చెబుతాను.

పొగ ఏం చేస్తుంది?

కట్టె, పిడక, పత్తి కట్టె, ఏది కాలినా పొగలో కంటికి కనబడని సన్నని నుసి ఉంటుంది. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తడి దాన్ని ఆపలేవు. అది నేరుగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే గాలి గొట్టాలు వాచి, సన్నబడిపోతాయి. దీన్నే డాక్టర్లు సీఓపీడీ అంటారు. బీడీ, చుట్ట తాగేవారికి వచ్చే జబ్బని అందరూ అనుకుంటారు. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్ళకు కూడా నలభై ఏళ్ళు పొయ్యి ఊదినందుకు ఇదే జబ్బు వస్తుంది.

పొగ ఊపిరితిత్తులతో ఆగదు. గుండెజబ్బు, పక్షవాతం, కంట్లో శుక్లం, పసిపిల్లల్లో న్యుమోనియా, వీటికీ పొగకూ సంబంధం ఉంది. ఇళ్ళలోని పొగ కారణంగా 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక మీ సంగతి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది మీ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. కడుపులో బిడ్డకు అందవలసిన ప్రాణవాయువు తగ్గుతుంది. పొగలో గడిపే తల్లులకు బరువు తక్కువ బిడ్డలు పుట్టే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ విషయంలో తొందర పడవలసింది మీ అత్తగారి కోసం మాత్రమే కాదు.

ముందు పరీక్ష

కారణం పొగే అని ఉత్తరం చూసి తీర్మానించడం తప్పు. రెండు వారాలు మించిన దగ్గు ఎవరికి ఉన్నా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితం. మీ అత్తగారికి ఎప్పుడో చేశారు కనుక మరోసారి చేయించండి. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. ఆదిలాబాద్ రిమ్స్‌కు తీసుకువెళ్ళి, గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసే పరీక్ష గురించి అడగండి. దాన్ని స్పైరోమెట్రీ అంటారు. గాలి గొట్టాలు ఎంత సన్నబడ్డాయో అందులో తెలుస్తుంది. సీఓపీడీ అని తేలితే సీసా మందుల కన్నా పీల్చే మందు మేలు. అది అలవాటైపోతుందన్న భయం వద్దు. తెమడలో రక్తం, బరువు తగ్గడం, కాళ్ళ వాపు, పెదవులు నీలం తిరగడం ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

దరఖాస్తు ఎందుకు తిరిగివచ్చింది?

పేదింటి ఆడవారికి డిపాజిట్ లేకుండా గ్యాస్ ఇచ్చే ఉజ్జ్వల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2016 మే 1న ప్రారంభించింది. అంతకు చాలా ముందే, 1999లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. మీ అత్తగారి కనెక్షన్ ఆ కాలం నాటిది.

ఉజ్జ్వలకు ముఖ్యమైన షరతు ఒకటుంది. ఆ కుటుంబంలో ఎవరి పేరునా, ఏ కంపెనీదీ, గ్యాస్ కనెక్షన్ ఉండకూడదు. దరఖాస్తులో ఇంట్లోని పెద్దవారందరి ఆధార్ నంబర్లు రాయించుకునేది అందుకే. మీ అత్తగారి పేర పాత కనెక్షన్ లెక్కల్లో బతికే ఉంది. సిలిండరు ఎవరింట్లో ఉందో ఆ లెక్కకు తెలియదు. కాబట్టి మీ దరఖాస్తు తిరిగిరావడంలో వింత లేదు.

మీకు కొత్త కనెక్షన్ అవసరం లేదమ్మా. పాతదాన్ని లేపితే చాలు. ఇలా చేయండి.

మొదట ఆడబిడ్డ గారితో మాట్లాడి సిలిండరు, రెగ్యులేటరు ఇంటికి తెచ్చుకోండి. ఒకరి పేర ఉన్న కనెక్షన్ మరొకరు వాడడం నిబంధనలకు విరుద్ధం కూడా. రేపు ప్రమాదం జరిగితే అందరికీ చిక్కు. ఆమెకు వేరే కార్డు, వేరే కుటుంబం ఉంటే ఆమె తన పేర దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాట పట్టింపులకు పోకుండా ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

తరువాత అత్తగారిని వెంటబెట్టుకుని, ఆ కనెక్షన్ ఉన్న డీలరు దగ్గరకు వెళ్ళండి. గ్యాస్ పుస్తకం, ఆమె ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్ పుస్తకం, ఫోన్ నంబరు తీసుకువెళ్ళండి. పుస్తకం పోతే పోయిందని రాసిచ్చి నకలు అడగండి. చాలాకాలం వాడని కనెక్షన్‌ను మళ్ళీ నడపాలంటే వేలిముద్రతో కేవైసీ చేయించాలి. కావాలంటే ఆమె అంగీకారంతో కనెక్షన్ మీ పేరుకు మార్పించుకోవచ్చు. రబ్బరు గొట్టం పాతదైతే అక్కడే కొత్తది తీసుకోండి.

ఇంట్లో అసలు ఏ కనెక్షనూ లేనివారు ఉజ్జ్వలకు దరఖాస్తు పెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ పేరుతోనే పెట్టాలి. ఆమె ఆధార్, ఇంట్లో పెద్దవారి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పేదరికం గురించి సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. కొత్త కనెక్షన్లు విడతలవారీగా మంజూరవుతాయి. 2025–26కు 25 లక్షలు అదనంగా మంజూరు చేశారు. మీరు వెళ్ళేనాటికి విడత తెరిచి ఉందో లేదో డీలరును అడిగి, దరఖాస్తు ఇచ్చినందుకు రసీదు తప్పక తీసుకోండి. ఆధార్‌లో ఒక తీరుగా, రేషన్ కార్డులో మరో తీరుగా పేరుంటే ముందు అది సరిచేయించుకోండి. ఒక్క అక్షరం తేడాతో తిరిగివచ్చే దరఖాస్తులు చాలా ఉంటాయి.

"కనెక్షన్ సరే, సిలిండరు ఎవరు కొంటారు?" అని మీరడగవచ్చు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మొదలైన మహాలక్ష్మి పథకంలో, తెల్లకార్డు ఉండి ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టుకున్న అర్హులకు సిలిండరు 500 రూపాయలకు పడేట్టు ఏర్పాటు చేశారు. ముందు పూర్తి ధర కట్టాలి. ఆ పైసొమ్ము తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీ పేరు ఉందో లేదో మండల పరిషత్ కార్యాలయంలో అడగండి.

ఒక హెచ్చరిక. టీకి గ్యాస్, అన్నానికి కట్టెలు అన్న పద్ధతిలో ఊపిరితిత్తులకు దక్కే మేలు తక్కువ. రోజూ ఎక్కువసేపు మండే వంటను ముందు గ్యాస్ మీదికి మార్చండి. స్నానాల నీళ్ళ పొయ్యిని వాకిట్లోకి మార్చండి. గ్యాస్ వాసన వస్తే దీపం, స్విచ్చి ముట్టకుండా తలుపులు తీసి, 1906కు ఫోను చేయండి.

కనెక్షన్ వచ్చేదాకా పొయ్యిని ఈ రోజే వసారాలోకి తీసుకుపోండి. కట్టె బాగా ఎండనివ్వండి. గిన్నెకు మూత పెట్టండి. మండే పొయ్యి దగ్గర అత్తగారూ మీరూ కాకుండా ఇంట్లో మగవారు కూర్చుంటే వారికీ పొగంటే ఏమిటో తెలుస్తుంది.

రేకుల వేడి

ఇంటికి వేడి, చలి తగలకుండా కప్పుకూ గోడలకూ పొరలు వేయించుకోవడానికి బ్రిటన్ వంటి చలి దేశాల్లో ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుంది. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించారు. ప్రభుత్వ భవనాలకూ, 600 చదరపు గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ అది తప్పనిసరి. చిన్న ఇళ్ళకు ఇష్టాన్ని బట్టి. కాబట్టి మీ రేకుల సంగతి మీరే చూసుకోవాలి. అదృష్టవశాత్తూ అది పెద్ద ఖర్చు కాదు.

కప్పు మీద తెల్లని సున్నం, జిగురు కలిపి, రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. ఏటా ఎండలు ముదరక ముందే, ఫిబ్రవరి, మార్చిల్లో వేయాలి. రేకుల కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడక కట్టిస్తే ఆ మధ్య గాలి ఎండాకాలం వేడినీ, చలికాలం చలినీ అడ్డుకుంటుంది. తడక పొయ్యికి దూరంగా ఉండాలి.

మీవి సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకకండి, కోయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి, మెత్తని కుంచెతో పూయండి. రేకుల మీద నేరుగా కాలు పెడితే విరిగి కిందపడతారు. నిచ్చెన మీద నుంచి పొడవు కర్రకు కుంచె కట్టి పని కానివ్వండి. సున్నం కళ్ళలో పడకుండా చూసుకోండి. ఈ పనులు మీరు చేయవద్దు, ఇంట్లో వారితో చేయించండి.

ఎండకు పెద్దవారు తికమకగా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే నీడకు చేర్చి తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోను చేయండి.

సోలార్ పెట్టించుకోవాలా?

సోలార్ గురించి కూడా ఉత్తరాలు వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడూ ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. సొంత ఇల్లు, గట్టి కప్పు, మీ పేర కరెంటు కనెక్షన్ ఉండాలి. పథకం వెబ్‌సైట్‌లో బిల్లు మీది సర్వీసు నంబరుతో పేరు నమోదు చేసుకుని, అక్కడ నమోదైన కంపెనీతోనే బిగించుకోవాలి. నెట్ మీటరు పెట్టి, విద్యుత్ సంస్థ వారు చూసి వెళ్ళాక సబ్సిడీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. వివరాలకు 15555. సబ్సిడీ ముందే ఇప్పిస్తామని డబ్బడిగే వారిని నమ్మకండి.

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్ళకు సున్నా బిల్లు వస్తోంది. మీకూ అలా వస్తుంటే సోలార్ కోసం అప్పు చేయనక్కరలేదు. ఆ డబ్బు సున్నానికీ, తడకకూ, గ్యాస్‌కూ పెట్టండి. నెలనెలా పెద్ద బిల్లు కట్టే స్లాబు ఇళ్ళవారు మాత్రం ఆలోచించవలసిందే.

కుంపటి వద్దు

మీ జిల్లా చలి నాకు తెలియనిది కాదు. అయినా తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టి నిద్రపోవడం ప్రాణాంతకం. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. తలనొప్పి, వాంతి, మత్తు వచ్చాక లేచి తలుపు తీసే శక్తి కూడా ఉండదు. కావాలంటే సాయంత్రం బయట కాచుకుని, నిప్పును బయటే వదిలి, దుప్పట్లు కప్పుకుని పడుకోండి. కప్పు కింద తడక ఉంటే చలి కూడా కొంత తగ్గుతుంది.

ఈ వారం చేయవలసిన పనులు మూడు. పొయ్యి వసారాలోకి పోవాలి. అత్తగారు రిమ్స్‌కు పోవాలి. ఆమె గ్యాస్ పుస్తకం వెతికి పట్టుకుని డీలరు దగ్గరకు పోవాలి. పాడైన ఊపిరితిత్తులు పూర్తిగా వెనుకటిలా అవుతాయని నేను మాట ఇవ్వలేను. పొగ ఆగితే మాత్రం జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది, మందు పనిచేయడం మొదలుపెడుతుంది. పుట్టబోయే బిడ్డ మొదటి ఊపిరి పొగలేని ఇంట్లో తీసుకోవాలంటే మీకింకా మూడు నెలల గడువుంది. డీలరు ఏమన్నారో, పరీక్షలో ఏం తేలిందో మళ్ళీ ఉత్తరం రాయండి.