మధ్యలోంచి చూసిన సినిమాలు

ఒక చిన్న ప్రశ్న. 'అతడు' సినిమాని టైటిల్స్ దగ్గర్నుంచి శుభం కార్డు దాకా, మధ్యలో లేవకుండా, మీరు ఎన్నిసార్లు చూశారు?

ఆలోచించి చెప్పండి. డైలాగులు నోటికొచ్చు. ఏ సీన్ తర్వాత ఏ సీనో తెలుసు. బ్రహ్మానందం కనిపించగానే, ఆయన నోరు తెరవక ముందే నవ్వు వచ్చేస్తుంది. కానీ మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్చోవడంలో చూసింది? ఇదే ప్రశ్న మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర అడిగితే, "ఒక్కసారి కూడా లేదు బ్రో" అన్నవాళ్లే ఎక్కువ. 2005లో ఆ సినిమా విడుదలైనప్పుడు మేమంతా రెండో తరగతో మూడో తరగతో. థియేటర్లో చూసినవాళ్లు తక్కువ. టీవీలో చూసినవాళ్లం మాత్రం అందరం. ఒక ఆదివారం బాసర్లపూడి ఇంటి దగ్గర ఎక్కాం, ఇంకో ఆదివారం క్లైమాక్స్ ఫైట్ దాకా వెళ్లి దిగాం. నందు అనే కిరాయి హంతకుడు ఆ ఊరికి పార్థుగా ఎందుకొచ్చాడో తెలియకముందే ఆ ఇల్లు, ఆ తాతయ్య, ఆ పెళ్లి సందడి మనకి చుట్టాలైపోయాయి.

టీవీలో సినిమా అంటే పల్లెవెలుగు బస్సు. మన కోసం బయల్దేరదు, మన కోసం ఆగదు. దొరికిన చోట ఎక్కాలి, పనుంటే దిగాలి. ఓటీటీ అంటే బుక్ చేసుకున్న క్యాబ్. మన గుమ్మం ముందుకే వస్తుంది, చెప్పిన చోటికే తీసుకెళ్తుంది. సుఖం క్యాబ్‌లోనే, అందులో వాదనేమీ లేదు. కాకపోతే క్యాబ్‌లో పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

ఈ బస్సు వల్ల బతికి బట్టకట్టిన సినిమాలున్నాయి. 'ఖలేజా' సంగతి చూడండి. 2010 అక్టోబర్ 7న వచ్చింది. 'అతడు' తర్వాత మహేష్‌బాబు, త్రివిక్రమ్ మళ్లీ కలిశారంటే అంచనాలు ఏ రేంజ్‌లో ఉంటాయో వేరే చెప్పాలా? థియేటర్లలో ఆడలేదు. అదే ఏడాది నవంబర్ 26న వచ్చిన 'ఆరెంజ్' కూడా ఆడలేదు. ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదని హీరోనే మొహం మీద చెప్పేస్తుంటే జనానికి మింగుడు పడలేదు. రెండూ ఫ్లాపుల లిస్టులో చేరిపోయాయి.

ఆ తర్వాత అవి టీవీకి వచ్చాయి. టీవీ ముందు కూర్చున్నవాడికి టికెట్ డబ్బులు పోయాయన్న బాధ లేదు. మార్నింగ్ షో టాక్ గొడవ లేదు. పెసరట్టు తింటూ, రాజస్థాన్ ఎడారిలో టాక్సీ డ్రైవర్ రాజు పడే తిప్పలు ఓ పావుగంట చూసి, నవ్వుకుని, స్నానానికి లేచాడు. ఇంకో నెలలో ఇంకో పావుగంట. కొన్నేళ్లకి ఆ పావుగంటలన్నీ కలిసి ఒక సినిమా అయ్యాయి. 2023లో 'ఆరెంజ్', 2025 మే 30న 'ఖలేజా' మళ్లీ థియేటర్లకి వచ్చినప్పుడు ఏం జరిగిందో మీరే చూశారు. తెర మీద పాట మొదలుకాకముందే హాలంతా పాడేసింది. అప్పట్లో టికెట్ కొన్న ప్రేక్షకుడు వద్దన్న సినిమాని, టికెట్ కొనకుండా చూసిన పిల్లలు పెద్దయ్యాక టికెట్ కొని గెలిపించారు.

ఇప్పుడు ఒక సినిమా ఫ్లాపైతే దానికి ఆ రెండో బతుకు దొరుకుతుందా? నాకు అనుమానమే. థియేటర్లో పోయిన సినిమా కొన్ని వారాలకే ఫోన్‌లోకి వస్తుంది. పది నిమిషాలు చూస్తాం. నచ్చకపోతే బ్యాక్ కొడతాం. అంతే, ఆ సినిమా ఇక జన్మలో ఎదురుపడదు. ఎందుకంటే మనకి నచ్చలేదని యాప్‌కి తెలిసిపోయింది. ఇక అది మర్యాదగా పక్కకి తప్పిస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఈ మర్యాద ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తా. మనం ఏం చూశాం, ఎక్కడ ఆపేశాం, ఏది పూర్తి చేశాం అన్నవన్నీ కలిపి, మనలాగే చూసే వేరేవాళ్ల లెక్కలతో పోల్చి, తర్వాత మనం దేని మీద నొక్కుతామో అంచనా వేస్తారు. ఇందులో కుట్రేమీ లేదు, మంచి లెక్కల పని. కానీ అది ఎంత దూరం వెళ్తుందంటే, నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు 2017లో తమ బ్లాగులో ఒక విషయం రాశారు. ఒకే సినిమాకి ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ చూపిస్తారట. 'గుడ్ విల్ హంటింగ్' అనే హాలీవుడ్ సినిమానే తీసుకోండి. ప్రేమకథలు ఎక్కువ చూసేవాళ్లకి అందులోని ప్రేమజంట కనిపిస్తుంది. కామెడీలు చూసేవాళ్లకి రాబిన్ విలియమ్స్ కనిపిస్తాడు. అంటే ఒకే ఇంట్లో రెండు ప్రొఫైల్స్ ఉంటే, సినిమా మొదలుకాకముందే ఇద్దరూ వేర్వేరు సినిమాలు చూస్తున్నట్టు.

జనం ఎంచుకోలేక అలసిపోతున్నారని వాళ్లకీ అర్థమైంది. 2021లో 'ప్లే సమ్‌థింగ్' అని ఒక బటన్ తెచ్చారు. నొక్కితే చాలు, ఏదో ఒకటి మొదలైపోతుంది. అచ్చం మన పాత టీవీ లాగే! కానీ ఆ బటన్ నిలబడలేదు, కొన్నాళ్లకి తీసేశారు. ఎందుకు నిలబడలేదంటే, నా లెక్క ఇది. టీవీలో వచ్చే సినిమా నచ్చకపోతే తిట్టుకోవడానికి చానల్ వాడున్నాడు. బటన్ నొక్కింది మాత్రం మనమే. పైగా, అదే సమయానికి పక్కింట్లో కూడా అదే సినిమా రావట్లేదు.

ఈ 'పక్కింట్లో కూడా' అన్నది చిన్న విషయం కాదు. 'అల వైకుంఠపురములో' 2020 సంక్రాంతికి వచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఓటీటీలోకీ వచ్చేసింది. చూడాలనుకున్నవాడు ఫోన్‌లో ఎన్నిసార్లైనా చూసేయొచ్చు. అయినా ఆగస్టు 16న జెమినీ టీవీలో మొదటిసారి వేసినప్పుడు 29.4 టీఆర్పీ వచ్చింది. అప్పటికి అది తెలుగు టీవీలో రికార్డు. కరోనా రోజులు, అందరూ ఇళ్లలోనే ఉన్నారు, నిజమే. కానీ ఇంట్లో ఉన్నవాళ్ల చేతుల్లో ఫోన్లు కూడా ఉన్నాయి కదా? జేబులో ఉన్న సినిమా కోసం యాడ్స్ భరిస్తూ గంటలకొద్దీ ఎందుకు కూర్చున్నట్టు? ఎందుకంటే ఆ సాయంత్రం ఊరంతా అదే చూస్తోంది.

ఆ యాడ్స్‌ని కూడా ఊరికే తిట్టుకున్నాం. గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ పన్నెండు నిమిషాల్లోనే మా ఇంట్లో అసలు కబుర్లు జరిగేవి. కరెంటు బిల్లు, మేనత్త కూతురి సంబంధం, నా మార్కులు. "ఆ మ్యాథ్స్ ఏమైందిరా?" అని నాన్న అడిగేలోపు సినిమా మళ్లీ వచ్చేసేది. దేవుడున్నాడు అనిపించేది. ఇబ్బందికరమైన మాట మొదలుపెట్టడానికి ఒక ఖాళీ, దాన్ని తెంచేయడానికి ఒక సాకు, రెండూ టీవీయే ఇచ్చేది.

ఇప్పుడు తెనాలిలో మా ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది. పండక్కి వెళ్లినప్పుడు భోజనాలయ్యాక ముగ్గురం దాని ముందు కూర్చుంటాం. నేను రిమోట్ తీసుకుని బొమ్మలు జరుపుతూ ఉంటా. "ఇదెలా ఉంటుందిరా?" అంటాడు నాన్న. ట్రైలర్ చూపిస్తా. "ఇది చీకట్లో తీశారేంటి?" ఇంకోటి. "ఇది ఏడుపు సినిమాలా ఉందే?" ఇంకోటి. ముప్పావుగంటయ్యాక, "ఏదో ఒకటి పెట్టరా బాబూ" అని ఫోన్ తీసి షార్ట్స్‌లోకి వెళ్లిపోతాడు. ఒకప్పుడు ఈయనే సగం సినిమాలో గురకపెట్టి, టీవీ కట్టేయగానే కళ్లు మూసుకునే "చూస్తున్నా కదరా, పెట్టు" అని కేకేసిన మనిషి. ఇప్పుడు మెలకువగానే ఉన్నాడు. గదిలో మాత్రం లేడు.

నాన్నకీ నాకూ మధ్య ఫోన్ సంభాషణ మీకు తెలిసిందే. తిన్నావా, తిన్నా. ఆఫీసు ఎలా ఉంది, బానే ఉంది. అమ్మకి ఇస్తున్నా. మొత్తం నలభై సెకన్లు. మా ఇద్దరికీ ఉన్న పెద్ద మాటలన్నీ సినిమాల మీద నుంచి వచ్చినవే. ఎవరో హీరో తండ్రి మాట వినకుండా వెళ్లిపోతే, "వాడు వెళ్లడమే కరెక్టు" అని నాన్న టీవీతో అన్నాడొకసారి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగానికి బయల్దేరే నెల అది. ఆ మాట నాకేనని ఇద్దరికీ తెలుసు. నేరుగా అనాల్సి వస్తే ఆయన అనేవాడు కాదు.

ఇక్కడిదాకా చదివి, "అయితే ఆ రోజులే మంచివి" అని కామెంట్ పెట్టబోతున్నారా? ఒక్క నిమిషం. మా అమ్మని అడగండి.

మా అమ్మ 'అతడు' చూడలేదు. విన్నది. ఆదివారం సినిమా టైమంటే వంటింట్లో చికెన్ ఉడికే టైము. డైలాగులన్నీ కుక్కర్ కూతల మధ్యలోంచే విన్నది. మేం పగలబడి నవ్వితే గరిట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "ఏమైంది, ఏమైంది?" అని అడిగేది. మేం "అయిపోయిందిలే" అనేవాళ్లం. సీరియల్ టైములో రిమోట్ ఆమెదే అనుకుంటాం కానీ, అప్పుడు కూడా చేతిలో చిక్కుడుకాయలుండేవి. మనం మధ్యలోంచి చూశామంటే ఆదమరుపు. ఆమె మధ్యలోంచి చూసిందంటే పని.

ఇప్పుడు ఆమె చేతిలో ఫోనుంది. మధ్యాహ్నం రెండింటికి తలుపు దగ్గరగా వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సినిమాని టైటిల్స్ నుంచి చూస్తుంది. కుక్కర్ కూస్తే పాజ్ కొడుతుంది. తిరిగొచ్చాక సినిమా ఎక్కడుందో అక్కడే ఉంటుంది. "నాకోసం ఆగింది చూడు" అంది ఒకసారి, నవ్వుతూ. నేనైతే నవ్వలేకపోయా. పాజ్ బటన్‌ని ఇన్నేళ్లుగా నేనొక ఫీచర్ అనుకున్నా. కొందరికి అది తీరిక.

కాబట్టి పాత టీవీ తిరిగి రావాలని నేనేం కోరుకోవట్లేదు. అందులో ఉన్న ఒక్క మంచి గుణం ఉంటే చాలు. ఎవరూ వద్దనలేని సినిమా ఒకటి, అందరి ముందూ, ఒకే సమయానికి. దాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చని మొన్న దసరాకి తేలింది. రూల్ సింపుల్. రోజుకి ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్లు పేరు చెప్తారు. మిగతావాళ్లు రేటింగ్ చూడకూడదు, ట్రైలర్ అడగకూడదు, వద్దనకూడదు. పాజ్ కొట్టే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది.

మొదటి వంతు అమ్మది. క్షణం కూడా ఆలోచించకుండా 'మిథునం' అంది. 2012లో తనికెళ్ల భరణి తీసిన సినిమా. శ్రీరమణ కథ. తెర మీద ఇద్దరే ఉంటారు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పిల్లలంతా ఎక్కడో దూరంగా ఉంటారు. ఆయన రకరకాల వంటకాలు అడుగుతూ ఉంటాడు, ఆవిడ విసుక్కుంటూనే చేసిపెడుతూ ఉంటుంది. నాన్న కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వడం తగ్గింది. ఈసారి గురక లేదు, ఫోన్ లేదు.

సగంలో అమ్మ లేవబోయింది. "ఎక్కడికి?" అన్నాడు నాన్న. "టీ పెడదామని."

నాన్న రిమోట్ తీసుకుని పాజ్ కొట్టాడు. "కూర్చో, నేను పెడతా" అని వంటింట్లోకి వెళ్లాడు. రెండు నిమిషాల తర్వాత అక్కణ్నుంచే, "ఏమేవ్, టీపొడి ఎక్కడ?" అని కేకొచ్చింది. అమ్మ లేవకుండానే చెప్పింది, పై అరలో ఎర్ర మూత డబ్బా అని. అందులో పంచదార ఎక్కువైంది. ఎవరం అనలేదు.

మీ ఇంట్లో కూడా ఈ ఆదివారం వంతులు మొదలుపెట్టండి. మొదటి వంతు ఎవరికివ్వాలా అని సందేహమైతే, ఇన్నాళ్లూ సినిమాలు విన్నవాళ్లకి ఇవ్వండి.