గంటల లెక్కన థెరపీ: ఆటిజం పిల్లల తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాల సాన కార్ఖానాలకు ప్రసిద్ధి. అక్కడి కార్మికుడికైనా, అదే నగరంలో మరమగ్గాలు నడిపే తెలుగు కార్మికుడికైనా కూలి చేసిన పనిని బట్టే ముడుతుంది. ఒక పూట మానితే ఆ పూట రాబడి లేనట్టే. అలాంటి ఇంట్లో బిడ్డకు ఆటిజం ఉందని తేలినప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది వారానికి ఎన్ని గంటల థెరపీ కావాలి, గంటకు ఎంత అవుతుంది అనే. చాలా కేంద్రాలు కూడా ఆ లెక్కతోనే మాట మొదలుపెడతాయి.

ఈ గంటల లెక్కకు మూలం 1987లో అమెరికా మనస్తత్వవేత్త ఇవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం. వారానికి 40 గంటల ప్రవర్తన చికిత్స పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది సాధారణ తరగతుల్లో నెగ్గుకొచ్చారని ఆయన ప్రకటించారు. అయితే పిల్లలను లాటరీ పద్ధతిలో విభజించలేదు. గద్దించడం, తొడపై చరచడం వంటివీ ఆ చికిత్సలో ఉన్నాయి. నేడు వాటిని ఎవరూ సమర్థించరు. 40 అన్న అంకె మాత్రం నిలిచిపోయింది. 2024లో జామా పీడియాట్రిక్స్ పత్రిక 144 అధ్యయనాల విశ్లేషణను ప్రచురించింది. గంటలు పెరిగినకొద్దీ మేలు పెరుగుతుందనడానికి అందులో ఆధారం దొరకలేదు. థెరపీ అక్కరలేదని దీని అర్థం కాదు. గంటలు కొనలేని తల్లిదండ్రులు తమను తాము నిందించుకోనక్కరలేదని మాత్రం చెప్పవచ్చు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది థెరపీ ఇచ్చేది ఎవరన్నది. ‘ఏబీఏ థెరపిస్టు’ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు భారత పునరావాస మండలి వద్ద నమోదు కావాలి. ఆ నమోదు సంఖ్య అడగడం తల్లిదండ్రుల హక్కు. ప్రవర్తన విశ్లేషకులకు అలాంటి ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు. అమెరికా ధ్రువీకరణ సంస్థ 2023 జనవరి నుంచి భారత్ సహా చాలా దేశాల వారికి కొత్త ధ్రువపత్రాలు ఆపేసింది. మన 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల చట్టం జాబితాలో ఈ వృత్తి ఉన్నా, ఆ చట్టం అమలుకు 2024లో సుప్రీంకోర్టే ఆదేశాలివ్వవలసి వచ్చింది. ఈ ఖాళీలో మోసపోయేది బిడ్డ తల్లిదండ్రులే.

సూరత్ తెలుగువారికి భాషా చిక్కు కూడా ఉంది. థెరపీ గుజరాతీలోనో హిందీలోనో సాగుతుంది, ఇంట్లో అమ్మ తెలుగులో మాట్లాడుతుంది. రెండు భాషలైతే బిడ్డ తికమకపడతాడని, ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు పలుమార్లు చూపాయి. తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్న నగరపాలక సంస్థ ఉన్న ఊరిలో ఈ సలహా వినడం మరీ విడ్డూరం. వచ్చీరాని భాషలో ముక్తసరిగా పలికే తల్లి కన్నా తన భాషలో కబుర్లు చెప్పే తల్లే బిడ్డకు మేలు.

తల్లిదండ్రులను గది బయట కూర్చోబెట్టే కేంద్రం కన్నా లోపలికి పిలిచి నేర్పే కేంద్రం మెరుగు. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా తల్లిదండ్రులకు నేర్పించారు. బిడ్డతో వారి సంభాషణ మెరుగుపడిందని 2016లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించింది. లక్ష్యాలనూ చూడాలి. దాహం వేస్తే అడగడం, మరుగుదొడ్డికి వెళ్లడం బిడ్డకు పనికొచ్చేవి. కదలకుండా కూర్చోవడం, కళ్లలోకి చూడటం ఎక్కువగా చూసేవారి తృప్తి కోసమే. నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని, మూలకణాల చికిత్స అమ్మేవారిని దూరం పెట్టాలి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది.

ప్రభుత్వం వైపు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని కింద జిల్లా సత్వర జోక్య కేంద్రాలు ఉన్నాయి. అక్కడ పరీక్ష, థెరపీ ఉచితం. నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం లక్ష రూపాయల వరకు బీమా ఇస్తుంది కానీ అందులో థెరపీ వాటా చిన్నది. పైగా దానికి వైకల్య ధ్రువపత్రం ఉండాలి, ఆ పత్రానికి ఆసుపత్రి చుట్టూ తిరగాలి. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే.