రెండు నెలల అద్దెదారుకు చోటేదీ?

ముంబయిలోని పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలుపల కాలిబాటలపై చాపలు, సంచులు, వంటగిన్నెలతో రోజులు వెళ్లదీసే కుటుంబాలు ఆ దారిన నడిచే వారందరికీ పరిచితమైన దృశ్యమే. 1941లో నెలకొన్న ఈ ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచి కేన్సర్ రోగులు వస్తారు. వారిలో చాలామందికి ఆసుపత్రిలో పడక అవసరం ఉండదు. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల వంతున ఐదారు వారాలు సాగుతుంది. చికిత్సకు పట్టేది రోజుకు కొద్ది నిమిషాలు మాత్రమే. మిగిలిన సమయమంతా రోగి, వెంట వచ్చినవారు నగరంలో ఎక్కడో ఒకచోట తలదాచుకోవలసిందే. చికిత్స వ్యయం తగ్గించేందుకు ప్రభుత్వ పథకాలున్నాయి, ధర్మనిధులున్నాయి. ఆరు వారాల గది అద్దె మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

నగరంలో కొద్దికాలం ఉండవలసి వచ్చేది రోగులకే కాదు. శిక్షణకు వచ్చే ఉద్యోగి, పరీక్ష రాయవచ్చిన విద్యార్థి, ఒక భవనం పని పూర్తయ్యేవరకు ఉండే తాపీ మేస్త్రీ అందరిదీ ఇదే అగచాటు. గల్ఫ్ దేశాలకు బయలుదేరిన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కార్మికులు వీసా కోసం, వైద్య పరీక్షల కోసం ముంబయిలోని ఇరుకు గదుల్లో ఒకరి పక్కన ఒకరు పడుకుని వారాల తరబడి వేచి ఉండటం తెలుగు పాఠకులకు కొత్త సంగతి కాదు. అయితే కార్మికుడు ఇరుకు గదిలో సర్దుకోగలడు. రోగనిరోధక శక్తి క్షీణించిన మనిషికి అదే గది ప్రాణాంతకం కావచ్చు.

ఇంతకూ ముంబయిలో ఇళ్లు లేవా అంటే, ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ ప్రాంతాల్లో సుమారు 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ముంబయిలోనే దాదాపు 4.8 లక్షల ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయని, నగరాలన్నింటిలో ఇదే అత్యధికమని 2017-18 ఆర్థిక సర్వే పేర్కొంది. ఇన్ని తాళాల వెనుక ఒక పాత భయం ఉంది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలో బిగించివేసింది. ఆ బంధం నుంచి తప్పించుకునేందుకు యజమానులు ‘లీవ్ అండ్ లైసెన్స్’ పద్ధతిని ఆశ్రయించారు. అలా ఇళ్లలో ఉన్నవారికి కూడా, 1973 ఫిబ్రవరి 1 నాటికి అక్కడ నివసిస్తున్నట్లయితే, చట్టసవరణ ద్వారా అద్దెదారుల హోదా లభించింది. తాత్కాలికంగా ఇచ్చిన ఇల్లు శాశ్వతంగా చేజారుతుందన్న భయం ఆనాటిదే.

ఆ భయానికి నేడు చట్టరీత్యా ఆధారం లేదు. 1999లో రూపొంది 2000 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం, గడువు తీరినా ఖాళీ చేయని లైసెన్స్‌దారును సాధికార అధికారి ద్వారా వెళ్లగొట్టించవచ్చు. అదనంగా ఉన్న కాలానికి రెట్టింపు మొత్తం వసూలు చేయవచ్చు. రెండు నెలలకు ఇల్లు ఇవ్వరాదని చట్టం ఎక్కడా చెప్పలేదు. కాగా, ఏడాదికి మించిన లీజులను తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి నిబంధనను తప్పించుకునేందుకు దేశమంతటా పుట్టిన ‘పదకొండు నెలల’ అలవాటు, మహారాష్ట్రలో ఎంత స్వల్పకాలపు ఒప్పందానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయిన తర్వాత కూడా పోలేదు. కారణం పోయినా ఆచారం మిగిలింది!

ఆచారం కంటె బరువైనది ఖర్చు. నెలల అద్దెకు సరిపడే డిపాజిట్టు, బ్రోకరుకు ఇంచుమించు ఒక నెల అద్దె, ఒప్పంద పత్రం, పోలీసు విచారణ, హౌసింగ్ సొసైటీ అనుమతి - పదకొండు నెలలు ఉండేవాడికైనా, రెండు నెలలు ఉండేవాడికైనా ఈ తతంగం ఒక్కటే. మొదటివాడు ఆ వ్యయాన్ని పదకొండు భాగాలుగా పంచుకుంటాడు. రెండవవాడి మీద అంతా ఒక్కసారే పడుతుంది. ఇక రోజువారీ అద్దెకు ఫ్లాట్లు చూపే మొబైల్ యాప్‌లు విహారయాత్రికుడి పర్సును చూసి ధర నిర్ణయిస్తాయి గాని, రోగి బంధువు పర్సును చూసి కాదు.

ప్రభుత్వం పూనుకున్నా పని ఎంత కష్టమో 2021లో తేటతెల్లమైంది. మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మాడా ఆ ఏడాది మే నెలలో టాటా ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువుల నివాసానికై లాల్‌బాగ్-పరేల్ ప్రాంతంలో వంద ఫ్లాట్లను కేటాయించింది. ఆ భవనాల్లో ఉంటున్నవారు అభ్యంతరం తెలిపారు. స్థానిక శాసనసభ్యుడు వారి పక్షం వహించారు. జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే కేటాయింపును నిలుపుదల చేశారు. ప్రజల్లో విమర్శ చెలరేగడంతో, ఒకటి రెండు రోజుల్లోనే బాంబే డయింగ్ మిల్లు స్థలంలోని వంద ఫ్లాట్లను ప్రత్యామ్నాయంగా ఇస్తామని నాటి గృహనిర్మాణ మంత్రి జితేంద్ర అవ్హాద్ ప్రకటించారు. కేన్సర్ అంటువ్యాధి కాదని తెలియనివారెవరూ ఆ భవనాల్లో ఉండి ఉండరు. అభ్యంతరం వ్యాధికి కాదు, నేడు వచ్చి రేపు వెళ్లిపోయే అపరిచితులకు. ఊరూపేరూ తెలియని మనిషికి మెట్లమీద ఎదురుపడటం ఇష్టం లేని సంపన్న నగరం, ఆ మనిషి కాలిబాట మీద ఉంటే మాత్రం ఏ శాసనసభ్యుడికీ లేఖ రాయించదు.

పన్నుల విధానంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. రోజుకు వెయ్యి రూపాయల లోపు అద్దె ఉన్న లాడ్జి గదులకు 2022 జులై 18 వరకు జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 5 శాతానికి తగ్గించారు. హాస్టళ్ల వంటి వసతికి 2024 జూన్‌లో జీఎస్టీ మండలి ఒక మినహాయింపు ప్రకటించింది. మనిషికి నెలకు 20 వేల రూపాయలు మించకూడదు, ఎడతెగకుండా కనీసం 90 రోజులు ఉండాలి. విద్యార్థులకు, ఉద్యోగులకు ఇది మేలే. ఆరు వారాల చికిత్సకు వచ్చినవాడు మాత్రం ఈ గీతకు అవతలే నిలిచిపోయాడు. రోజుకు 600 రూపాయల గదిలో 42 రోజులుంటే 25,200 రూపాయల అద్దెపై పన్ను 1,260 రూపాయలు. వార్షిక వ్యాపారం 20 లక్షల రూపాయల లోపు ఉండే చిన్న లాడ్జీలకు రిజిస్ట్రేషన్ బాధ్యతే లేదు కనుక అందరిపైనా ఈ భారం పడదు. మొత్తం కూడా పెద్దది కాకపోవచ్చు. కాని తొంభై రోజుల గీతను ముప్పై రోజులకు దించడానికి ఖజానాకు కలిగే నష్టమూ పెద్దది కాదు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు డిపాజిట్టు రెండు నెలల అద్దెకు మించరాదంది. రెండు నెలలే ఉండేవాడికి ఆ పరిమితి ఊరటనిచ్చేదేమీ కాదు. లాడ్జీలు, ధర్మశాలలు ఆ చట్టం పరిధిలోకే రావు. పైగా అద్దెల చట్టం చేయవలసింది రాష్ట్రాలు. వలస కార్మికులు కాలినడకన స్వగ్రామాలకు మళ్లిన 2020లో, జులైలో, ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా పడివున్న లక్షకు పైగా ఇళ్లను చౌక అద్దెకు ఇచ్చే పథకాన్ని కేంద్రం ప్రకటించింది. వాటిలో అద్దెకు వెళ్లినవి కొద్ది వేలే. ఆ ఇళ్లలో కొన్నింటిని పెద్ద ఆసుపత్రులున్న నగరాల్లో నెలవారీ గదులుగా మార్చి, డిపాజిట్టు, బ్రోకరు బెడద లేకుండా ఆసుపత్రి చీటీపై కేటాయించడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. పురపాలక సంస్థ ఒక గుమాస్తాను, ఒక కాపలాదారును నియమిస్తే చాలు.