కోడిపుంజు గొంతులో సినాత్రా

వరుసగా అమర్చిన గూళ్ళలో కోడిపెట్టలు యుద్ధకాలపు కార్మికులవలె వేళకు వచ్చి గ్రుడ్లు పెట్టుచుండగా, బక్కపలుచని పుంజొకటి మైకు కంబమును పట్టుకొని మెల్లగా పాట నెత్తుకొనును. ఆ పాట చెవిని బడినంతనే పెట్టలన్నియు పని మరచి, మేను మరచి, మూర్ఛిల్లును. గ్రుడ్ల యుత్పత్తి నిలిచిపోవును. 1944 మే మాసమున వార్నర్ బ్రదర్స్ వారు విడుదల చేసిన ‘స్వూనర్ క్రూనర్’ అను ఏడు నిమిషముల కార్టూను చిత్రమునందలి ఇతివృత్త మిది. దర్శకుడు ఫ్రాంక్ టాష్లిన్. కర్మాగారమునకు యజమాని పోర్కీ అను పందిపిల్ల. ఆ పుంజు పేరు ఫ్రాంకీ. అప్పటికి 28 ఏండ్ల యువకుడై, అమెరికా యంతయు ‘ది వాయిస్’ అని పిలుచుచున్న ఫ్రాంక్ సినాత్రాకు అది పేరడీ యని ఆనాటి ప్రేక్షకునకు ఎవరును చెప్పవలసిన పని లేకపోయెను.

ఇట్టి పాత్రలను పిల్లల వినోదమునకై గీచిన బొమ్మలని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. ఒక గాయకుడు తన కాలమువారి చెవులలో ఏమి మార్పు తెచ్చెనో, ఆ మార్పునకు వారు ఎంత పులకించిరో, ఎంత కలవరపడిరో తెలిసికొనగోరువానికి, ఆనాటి పత్రికాసమీక్షలకంటె ఈ పుంజే ఎక్కువ చెప్పునని నా నమ్మకము.

సినాత్రా పాడిన, క్రూనింగు అనబడు గానపద్ధతి పుట్టుకయే మైకుతో ముడివడియున్నది. 1925లో విద్యుత్ సాధనములతో గ్రామఫోను ముద్రణ ఆరంభమగునంతవరకు గాయకుడైనవాడు తన రొమ్ముబలముతోనే కడపటి వరుసవరకు గొంతు పంపవలసియుండెను. పద్యనాటకములు చూచిన మన పెద్దలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తారస్థాయిలో రాగము తీయలేని నటునకు మన రంగస్థలముపై నిలువనీడ లేకుండెను. మైకు వచ్చిన పిమ్మట, కేక వేయనక్కరలేని గొంతు, పక్కన కూర్చుండి చెవిలో చెప్పినట్లు పాడు గొంతు, సాధ్యమయ్యెను. రూడీ వాలీ, బింగ్ క్రాస్బీ మొదలగువారు ఆ త్రోవను నడచిరి. ఆ సాన్నిహిత్యమే కొందరికి అసహ్యముగా తోచెను; 1932లో బోస్టను నగరపు కార్డినల్ ఓకానెల్ ఈ గాయకుల పాట పురుషులకు తగనిదని బహిరంగముగా ఖండించెను. 1955లో ‘మిస్సమ్మ’ వచ్చినప్పుడు ఏ.ఎం. రాజా గారి మెత్తని గొంతు తెలుగువారిని ఆకట్టుకొన్నదన్నచో, దాని వెనుక నున్నదియు ఈ మైకు కల్పించిన సాన్నిహిత్యమే.

కార్టూను చిత్రకారులు ఈ రహస్యమును గ్రహించిరి. ఫ్రాంకీ మైకు కంబము వెనుకకు పోయినచో కనబడడు, కంబమెంతో వాడంతే. పైకి ఇది బక్కతనముమీది హాస్యము. కాని కొంచెము నిలిచి చూచినచో, ఈ గాయకుడును ఈ సాధనమును విడదీయరానివి, ఒకదాని నీడలో ఒకటి నిలిచియున్నవి అను సంగీతసత్యమే ఆ గీతలలో నున్నది. 1948లో టెక్స్ ఎవరీ తీసిన ‘లిటిల్ టింకర్’ చిత్రములో దుర్గంధముచేత అందరును దూరము పెట్టిన స్కంకు అను జంతువు ప్రేమను పొందుటకై సినాత్రా వేషము ధరించి మైకు ముందు నిలుచుటయు ఈ యెరుకనుండి వచ్చినదే.

అన్నిటికంటె నన్ను ముగ్ధుని చేసినది వేరొకటి గలదు. ‘స్వూనర్ క్రూనర్’లో ఫ్రాంకీ పాటలు పాడినవాడు రిచర్డ్ బికెన్‌బాక్, ఆ చిత్రశాలలో బొమ్మలు గీచు ఉద్యోగి. కన్నులు మూసికొని ఆ పాటను వినుడు; ఎచ్చటను వెక్కిరింత లేదు. ట్రాంబోను విద్వాంసుడైన టామీ డార్సీ ఊపిరిని ఎట్లు పొదుపుగా వాడుకొనునో ప్రక్కనుండి గమనించి, పంక్తి తెగకుండ దీర్ఘముగా పాడుట సినాత్రా నేర్చుకొనెను. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు ఆ నడకను బికెన్‌బాక్ శ్రద్ధగా పట్టి, మనసారా పాడెను. నవ్వంతయు బొమ్మలో నున్నది. గొంతులో గౌరవ మున్నది.

ఇట్టి శ్రద్ధ లేనిచోట పేరడీ ఎంత దిగజారునో అదే సంస్థ 1936లో తీసిన ‘బింగో క్రాస్బియానా’ చూచిన తెలియును. అందులో బింగ్ క్రాస్బీని తలపించు ఈగ యొకటి గొప్పలు చెప్పుకొని, సాలెపురుగు రాగానే పిరికితనముతో దాగుకొనును. క్రాస్బీ తరఫు న్యాయవాదులు ఆ చిత్రమునకు అభ్యంతరము చెప్పిరి. వారిది న్యాయమైన కోపమనియే నేనందును; పాటకును పిరికితనమునకును సంబంధమేమి? గాయకుని పేరు వాడుకొని అతని శీలమును గేలి చేయుట గానమునుగూర్చి ఒక్క మాటయైన చెప్పదు.

‘స్వూనర్ క్రూనర్’లోను నాకు నొప్పి కలిగించు అంశ మొకటి లేకపోలేదు. 1942 డిసెంబరు 30న న్యూయార్కు పారమౌంటు థియేటరులో సినాత్రా పాడినది మొదలు, ‘బాబీ సాక్సర్లు’ అని పేరుపడిన బాలికలు గుంపులుగా వచ్చి కేకలు వేసి సొమ్మసిల్లుట పత్రికలకు నిత్యవినోదమయ్యెను. అన్నలు, ప్రియులు సముద్రములు దాటి యుద్ధమునకు పోయి, వత్తురో రారో తెలియని ఆ దినములలో, ఒక గొంతు తమతోనే మాటలాడుచున్నట్లు వినబడగా ఏడ్చిన ఆ పిల్లలను కోడిపెట్టలుగా చిత్రించుట దయలేని పని. విమానములు చేయు లాక్‌హీడ్ సంస్థ పేరును ‘ఫ్లాక్‌హీడ్’ అని విరిచి ఆ కర్మాగారమునకు పెట్టుటలో, యుద్ధపరిశ్రమలలో చేరిన స్త్రీలు పాట వినినచో పని చెడునను పురుషుల అనుమానముకూడ దాగియున్నది. కర్ణభేరికి చిల్లి యున్నదని 1943 డిసెంబరులో సినాత్రాను సైన్యము నిరాకరించినప్పటినుండి అతని దుర్బలదేహము పరిహాసమునకు మరింత గురియయ్యెను. 1946లో బాబ్ క్లాంపెట్ తీసిన ‘బుక్ రెవ్యూ’లో అతనిని చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి తోసికొనివత్తురు. చూచి నవ్వితిని, నవ్వినందుకు కొంత బాధపడితిని.

పేరడీ మనకు కొత్త కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారు శ్రీశ్రీ గీతములకు పేరడీలు వ్రాసినప్పుడు, మూలపు లయ వారి నరములలో నిండియుండుటచేతనే అవి నిలిచినవి. మూలము కంఠస్థము కానివాడు పేరడీ వ్రాయలేడు. నేడు మన వేదికలపై, టెలివిజనులో పేరుపొందిన గాయకులను అనుకరించుచు సాగు హాస్యములలో నాకు కొరవడినట్లు తోచునది ఈ సాధనయే. చొక్కా, కళ్ళజోడు, చేతిలోని రుమాలు, కనుబొమల కదలిక, ఇవి దొరికినంతనే పాత్ర సిద్ధమైనదని తలంతురు. పల్లవియైన పూర్తిగా పాడరు. ఆ గాయకుడు ఎచ్చట ఊపిరి తీసికొనునో, ఏ అక్షరమును ఒత్తి ఏ అక్షరమును వదలునో ఆరు మాసములు విని, అటుపిమ్మట వేషము కట్టుడని ఆ నటులను చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

1944 అక్టోబరు 12న పారమౌంటు ముందు సినాత్రాకై వచ్చిన వేలకొలది యువజనులు వీథులు నింపగా, పోలీసులు అదుపు చేయజాలకపోయిరి; కోడిపెట్టల కథ తెరపైకి వచ్చి అప్పటికి ఐదు మాసములు. ఆ కథలో పోర్కీ, ఉత్పత్తి పడిపోయినదను దిగులుతో, పెట్టలను మరల పనిలో పెట్టగల పుంజునకై పరీక్షలు జరిపి, చివరకు క్రాస్బీవంటి పుంజును కనుగొనును. ఇద్దరు గాయకులును పోటీపడి పాడగా గ్రుడ్లు కొండలై పడును. ఇంత పని ఎట్లు చేయించితిరని పోర్కీ అడుగగా, వారు మాటతో బదులీయక, అతనివైపు తిరిగి మెత్తగా పాడుదురు. అంతవరకు గ్రుడ్ల లెక్క దప్ప వేరెరుగని ఆ పందిపిల్ల కన్నులు మూతబడును. క్షణములో అతని క్రిందను గ్రుడ్ల కుప్ప లేచును.